పేజీకి రెండు బండ్లు

మామయ్యకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

వరండాలో కుర్చీలు లేక కాదు, మూడున్నాయి. ఒకదాంట్లో నాన్న కూర్చున్నాడు. ఇంకోదాని మీద అన్న హెల్మెట్టు ఉంది. మూడోది ఖాళీ. దాని వంక చూడకుండా ఉండడానికి అందరూ నానా అవస్థ పడుతున్నారు. ఇరవయ్యారేళ్ళ తర్వాత ఈ ఇంటి మెట్టెక్కిన మనిషి, ఆ మెట్టు మీదే కూర్చుండిపోయి, విప్పిన చెప్పుల్ని జతగా సర్ది, మళ్ళీ సర్ది, తల దించుకుని వాటినే చూస్తున్నాడు.

చిట్టి షెడ్డులోంచి వచ్చేసరికి ఇదీ పరిస్థితి. ఆమె కుడిచేతిలో కిరసనాయిలు ఓడుతున్న గుడ్డ ఉంది. చంకలో ఒక కాగితం ఉంది. ఎడమచెయ్యి మాత్రం గుప్పిట బిగించి ఉంది.

“మొత్తానికి తీసుకొచ్చాను నాన్నా,” అంటున్నాడు అన్న. “నీ ఎదురుగానే అడుగుతాను. తాడో పేడో ఇవాళ తేలిపోవాలి.”

నాన్న వీధిలో పోయే బస్సు వంక చూశాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆయన చూపు అక్కడే ఉండిపోయింది.

వెనక గదిలో పిన్ని కుట్టుమిషను ఆగకుండా నడుస్తోంది. పిన్ని లారీలకు టార్పాలిన్లు కుడుతుంది. మందపాటి గుడ్డ, అంతకు తగ్గ సూది, ఆ చప్పుడుకు పక్కింటి గిన్నెలు కూడా అదురుతాయి. మామయ్య గేటు దాటిన క్షణాన తలుపు వేసేసుకుని మొదలుపెట్టింది, ఇంతవరకు ఊపిరి తిప్పుకోలేదు. ఏం కుడుతోందో, అసలు సూది కింద గుడ్డ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఈ గొడవంతటికీ మూలం చిట్టి చంకలోని కాగితం. ఆ కాగితానికి మూలం చిట్టి. అందుకని ఆమెకు మనసారా ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది.

షెడ్డులో ఉన్న లారీ నాన్నది. నలభై ఒక్క ఏళ్ళ కిందట కొత్తదిగా కొన్నాడు. ఆయన తప్ప ఇంకొకడు దాని స్టీరింగ్ పట్టింది లేదు. దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ వాళ్ళు తమ పాత బండ్ల కోసం ఈ మధ్య ఒక పెద్ద హాలు కట్టారు. పుట్టినప్పటి భాగాలతోనే ఇంకా బతికున్న లారీ ఒకటి అక్కడ నిలబెట్టి, పక్కన దాన్ని నడిపిన డ్రైవరు పేరు ఇత్తడి రేకు మీద చెక్కిస్తారట. నాన్న లారీని తీసుకుపోవడానికి వాళ్ళ మనుషులు రేపు ఉదయం వస్తున్నారు. షరతు ఒక్కటే. ఇంజను, గేర్ బాక్సు, వెనక యాక్సిల్, స్టీరింగ్ బాక్సు, ఈ నాలుగింటి మీద కొట్టిన నంబర్లు, బండి తయారైన రోజున ఫ్యాక్టరీ పుస్తకంలో రాసుకున్న నంబర్లతో కలవాలి.

స్పేర్ పార్ట్సు కొట్లో పదేళ్ళుగా కౌంటరు వెనక నిలబడుతున్న చిట్టికి నంబర్లంటే నీళ్ళ ప్రాయం. తలకిందులుగా ఉన్నా చదివేస్తుంది. ఫ్యాక్టరీ రికార్డు గదికి తనే ఉత్తరం రాసింది. అక్కడెవరో ముసలి గుమాస్తా రెండు నెలలు దుమ్ము దులిపి, ఆనాటి పుస్తకం పట్టుకుని, కావలసిన పేజీ జిరాక్సు తీసి పంపితే మొన్న అందింది.

నాన్న మొదట్నించీ వద్దంటూనే ఉన్నాడు. ఎందుకమ్మా ఇప్పుడవన్నీ, దాన్ని ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యండి అన్నాడు. మొహమాటం కొద్దీ అంటున్నాడనుకుంది చిట్టి. మొన్న కాగితం వచ్చినప్పుడు అన్న దాన్ని ఆయన చేతికివ్వబోతే పాము పిల్లను ఇస్తున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అదీ మొహమాటమే అనుకుంది.

ఇంజను కలిసింది. గేర్ బాక్సు కలిసింది. యాక్సిల్ కలిసింది. స్టీరింగ్ బాక్సు కలవలేదు.

అన్నకు అదే తల కొట్టేసినట్టయింది. మెకానిక్కు అయ్యుండి, ఊళ్ళో సగం లారీల కడుపులు కోసి కుట్టినవాడు, తన తండ్రి లారీ స్టీరింగ్ బాక్సును ఒక్కసారీ విప్పలేదు. నాన్న విప్పనివ్వలేదు. దాని జోలికి పోకు అనేవాడు. అన్న అది తండ్రికి బండి మీదున్న ప్రేమ అనుకుని, ఫ్యాక్టరీ వాళ్ళతో ఫోనులో, మా స్టీరింగ్ బాక్సుకు ఇంతవరకు స్పానరు తగల్లేదండీ అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

అలాంటి బాక్సు మారిపోయిందంటే, మార్చినవాడు ఒక్కడే ఉండాలి. ఆ రోజుల్లో ఈ ఇంటి లారీల మీద చెయ్యి వేసిన మెకానిక్కు ఒక్కడే. అమ్మ తమ్ముడు.

అప్పట్లో ఈ ఇంటికి రెండు లారీలు. నాన్నది ఒకటి, బాబాయిది ఒకటి. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు, ఒకే ఫ్యాక్టరీ గేటులోంచి, ఒకదాని వెనక ఒకటి తోలుకొచ్చారు. పదిహేనేళ్ళ తర్వాత బాబాయి లారీ స్టీరింగ్ తెగి వంతెన మీంచి కిందపడింది. బాబాయి ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు, పిన్ని ఈ ఇంట్లోనే ఉండిపోయింది. దానికి ముందురోజే మామయ్య ఆ లారీ స్టీరింగ్ బాక్సు విప్పి, శుభ్రం చేసి, బిగించి, ఇంకో పదేళ్ళు దీని మొహం చూడక్కర్లేదు అని అందరి ముందూ అన్నాడు. ఆ ఒక్క మాట ఆయన మెడకు చుట్టుకుంది. మళ్ళీ ఎవడూ ఆయనకు లారీ అప్పగించలేదు. నీళ్ళ పంపుల మోటార్లు బాగుచేసుకుంటూ వీధి చివర రేకుల కొట్లో బతికాడు. ఆరేళ్ళ కిందట సొంత అక్క పోతే చూడ్డానికి వచ్చాడు. అన్న గేటు మూసేశాడు.

ఇప్పుడు రెండో నేరం కూడా తయారైంది. నాన్న లారీలోంచి మంచి బాక్సు కాజేసి, ఏ పనికిమాలినదో బిగించాడని.

“చెప్పండి,” అన్నాడు అన్న. చిన్నప్పుడు ఆయన భుజాల మీదెక్కి చెవులు పట్టుకుని లారీ నడిపినవాడు, ఇప్పుడు మీరు అంటున్నాడు. “మా నాన్న బండిలో బాక్సు ఎప్పుడు మార్చారు? ఎవరికి అమ్ముకున్నారు?”

మామయ్య తల ఎత్తి నాన్న వంక చూశాడు. నాన్న వీధి వంక చూస్తున్నాడు. మామయ్య మళ్ళీ చెప్పుల వంక చూసుకున్నాడు.

“నన్నేం చెయ్యమంటావు నాయనా?” అన్నాడు.

అన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఫలానా సంవత్సరం పాత బాక్సు తీసి వేరేది వేశానని, యజమానికి తెలియకుండా చేశానని రాసి సంతకం పెట్టాలి. అది చూపిస్తే ఫ్యాక్టరీ వాళ్ళు సర్దుకుంటామన్నారు. మోసం మెకానిక్కుది, డ్రైవరుది కాదు అని తేలితే చాలట. నాన్న పేరు రేకు మీదికి ఎక్కుతుంది.

“రాసుకురా. పెడతాను,” అన్నాడు మామయ్య.

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని అన్న అనుకోలేదు. దెబ్బలాటకు బిగించుకొచ్చిన ఒళ్ళు ఏం చేసుకోవాలో తెలియక ఒక క్షణం తడబడ్డాడు. తర్వాత చిట్టి మీదికి తిరిగాడు. బాక్సు మీద నంబరు తేలిందా అని అడిగాడు.

“గ్రీజు ఇంకా వదల్లేదు,” అంది చిట్టి.

ఏ నంబరైతే ఏమిటి, మనది కాదు, అంతే కదా అని గొణుక్కుంటూ అన్న కాగితం, కలం కోసం లోపలికి పోయాడు.

చిట్టి అన్నతో అబద్ధమాడింది. గ్రీజు ఎప్పుడో వదిలింది.

అన్నది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకునే అలవాటు. మొన్న లారీ కిందికి దూరినప్పుడూ అలాగే మడిచి, పైభాగం మాత్రం కళ్ళ ముందు పెట్టుకుని, గ్రీజులోంచి కనబడిన చివరి అంకె రెండు కాదని మాత్రం చూసి, రంకెలు వేసుకుంటూ బయటికొచ్చేశాడు. ఆ తర్వాత మడతలన్నీ విప్పి చూసింది చిట్టి ఒక్కతే, అదీ ఇందాకే. అంచున గుమాస్తా చేతిరాతతో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. ‘మా పాత పుస్తకాల్లో పేజీకి రెండు బండ్లు రాసేవారు. అందువల్ల తర్వాతి బండి వివరాలు కూడా వచ్చాయి. మీకు అక్కర్లేదు, వదిలెయ్యండి.’

తర్వాతి బండి బాబాయిది.

పై సగంలో నాన్న లారీ స్టీరింగ్ బాక్సు నంబరు 61812. కింది సగంలో బాబాయి లారీది 61847. షెడ్డులో, నాన్న లారీకి ఇప్పుడున్న బాక్సు మీద, కిరసనాయిలుతో తుడిచి తుడిచి చదివిన నంబరును చిట్టి ఎడమ అరచేతిలో రాసుకుంది. రాసుకున్నాక చెయ్యి మళ్ళీ తెరవలేదు.

బాబాయి బాక్సు నాన్న లారీలో ఉంటే, వంతెన కింద తెగిపోయింది ఎవరిది?

ఆలోచించాల్సిన ప్రశ్న కాదు.

“మామయ్యా, మంచినీళ్ళు ఇస్తాను, షెడ్డులోకి రా,” అంది. మంచినీళ్ళకు ఎవరూ షెడ్డులోకి పోరు. మామయ్య మారుమాట లేకుండా లేచి వెనకే నడిచాడు. నాన్న వాళ్ళిద్దర్నీ షెడ్డు తలుపు దాకా చూశాడు, ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

లోపల మబ్బు వెలుగు. లారీ ముందు మామయ్య ఒక నిమిషం ఆగాడు. బానెట్టు మీద చెయ్యి వేశాడు.

“ముసలిదైపోయిందే,” అన్నాడు.

చిట్టి అరచెయ్యి తెరిచి ఆయన మొహం ముందు పెట్టింది. ఆయన చదవలేదు.

“నంబర్లు నాకెందుకు? బాక్సు కింది అంచున మూడు చుక్కలుంటాయి, పంచ్‌తో కొట్టినవి. చూడలేదా? నేను విప్పిన ప్రతి బాక్సు మీదా కొట్టేవాణ్ణి.”

చూసింది. తుప్పు గుంటలనుకుంది.

మామయ్య మడ్‌గార్డుకు ఆనుకుని, ఎవరి కథో చెబుతున్నట్టు నిదానంగా చెప్పుకొచ్చాడు. బాబాయి బాక్సు సర్వీసు చేసి చుక్కలు కొట్టింది ఆయనే. మర్నాడు కబురందితే పరిగెత్తాడు. వంతెన కింద బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, తెగిపోయిన బాక్సును గుడ్డివాడిలా వేళ్ళతో తడిమాడు. చుక్కలు లేవు. అది నాన్న లారీలోది. నెల్లాళ్ళుగా స్టీరింగ్ వదులై ప్లే వస్తోంది, మార్చు బావా మార్చు అని తను పోరుతున్న బాక్సు.

ఏం జరిగిందో ఊహించడం పెద్ద పనేం కాదు. నాన్నకు నాలుగు రోజుల కొండదారి లోడు తగిలింది. బాబాయి పిన్నిని పుట్టింటి నుంచి తీసుకురావడానికి వెళ్ళాడు, లారీ ఖాళీగా పడి ఉంది, అందులో నిన్న సర్వీసైన బాక్సు. నాన్న దాన్ని విప్పి తన లారీకి పెట్టుకుని, తనది దానికి తగిలించాడు. తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళకు పెట్టేద్దామనుకున్నాడు. బాబాయి అనుకున్నదాని కంటే ముందే వచ్చేశాడు. ఊళ్ళో ఎవరో లోడుందంటే, బండి నిన్ననే బాగయింది కదా అని ఎక్కాడు.

నాన్న నాలుగో రోజు ఇంటికొచ్చేసరికి తమ్ముడు లేడు. మామయ్యను తిట్టడం అప్పటికే అయిపోయింది.

“మీ నాన్న చెడ్డవాడు కాదే,” అన్నాడు మామయ్య. “నోరు తెరవడానికి ఒక్కరోజు ఆలస్యం చేశాడు. ఆ రోజు దాటాక ఇంక కుదర్లేదు.”

“నువ్వెవరికీ చెప్పలేదా?”

“అక్కకు చెప్పాను.”

చిట్టి లారీ తలుపు పిడి పట్టుకుంది. అమ్మ. పోయేదాకా తమ్ముడి పేరెత్తని అమ్మ. ఎవరైనా ఎత్తితే అక్కణ్ణించి లేచిపోయే అమ్మ. అది కోపం అనుకున్నారు ఇంటిల్లిపాదీ.

“నా చేతులు రెండూ పట్టుకుంది,” అన్నాడు మామయ్య. “ఇంట్లో ఒకడు పోయాడు, ఇది బయటపడితే రెండోవాడు ఉరేసుకుంటాడు అంది. నా తోడికోడల్ని ఏ మొహం పెట్టుకుని ఈ ఇంట్లో ఉండమనను, ఎక్కడికి పోతుంది అంది. నీకు పర్వాలేదులే తమ్ముడూ, నువ్వు వేరే ఇంట్లో ఉంటావుగా అంది.”

నవ్వబోయాడు. రాలేదు. పంపు మోటార్లలో ఒక సుఖం ఉంది, మనం తప్పు చేస్తే నీళ్ళు రావు అంతే, మనుషులు పోరు అన్నాడు.

చిట్టికి కోపం ముంచుకొచ్చింది. అమ్మ మీద, ఈయన మీద, అందరి మీదా. అమ్మ పోయిన రోజున ఆయన గేటు ఊచలు పట్టుకుని నిలబడడం ఆమె కిటికీలోంచి చూసింది. చూసి, అన్నను ఆపలేదు. అప్పుడైనా చెప్పాల్సిందిగా అని అడిగింది.

“ఎవరికి చెప్పను? మాట పుచ్చుకున్న మనిషి లోపల పడుకునుంది.”

సంతకం పెట్టొద్దు అంది చిట్టి. పెడితే ఏం పోతుంది, ఉన్న పేరుకు ఇంకో ముక్క కలుస్తుంది, మీ నాన్న పేరు రేకు మీద పడుతుంది అన్నాడు ఆయన. మరి పిన్ని సంగతేమిటి అంది. మామయ్య మడ్‌గార్డు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు.

“చెల్లెమ్మకు ఇప్పుడు తెలిసి ఏం ఒరుగుతుంది?”

తన చిన్నప్పుడు పిన్ని మిగిలిన టార్పాలిన్ ముక్కలతో బడిసంచి కుట్టిచ్చింది. వానొస్తే క్లాసులో అందరి పుస్తకాలూ తడిసేవి, చిట్టివి తప్ప. జ్వరమొస్తే పక్కన కూర్చుంది. జడలు వేసింది. అమ్మ పోయాక ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆమే. రోజూ రెండు పూటలా నాన్నకు కంచం పెట్టేదీ ఆమే. నాన్న తల ఎత్తకుండా తిని లేచిపోతాడు. తమ్ముడి భార్య అని గౌరవం కాబోలు అనుకుంటూ వచ్చింది చిట్టి. ఆరేళ్ళుగా ఆ మనిషి గొంతులోకి ఆ అన్నం ఎలా దిగిందో తలుచుకుంటే అసహ్యమేసింది. అదే ఊపిరిలో జాలీ వేసింది. రెంటిలో ఏది ముందో ఆమెకే తెలియలేదు.

వరండాలోంచి అన్న పిలిచాడు.

కాగితం తయారుగా ఉంది. అన్న దాన్ని పైకి చదివాడు. తెల్లకాగితం మీద అంత నల్లటి మాటలు ఎంత గుండ్రంగా రాశాడో. యజమానికి తెలియకుండా, స్వలాభం కోసం, పాత బాక్సు అమర్చినట్టు ఒప్పుకుంటున్నాను. మామయ్య కలం అందుకుని, దేని మీద పెట్టి రాయాలా అని చుట్టూ చూశాడు. కుర్చీ ఎలాగూ లేదు. మోకాలి మీద పెట్టుకున్నాడు.

“ఆగు మామయ్యా,” అంది చిట్టి.

అన్న ఆమె వంక చూశాడు. ఎందుకాగాలి అని ఆ చూపు. చిట్టి నోరు తెరిచింది. ఎదురుగా నాన్న చేతులు కనిపించాయి. నలభై ఏళ్ళు స్టీరింగ్ పట్టి కాయలు కాసిన చేతులు, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి. పైచెయ్యి కిందిదాన్ని అదిమి పట్టుకుని ఉంది.

అప్పుడు మిషను ఆగింది.

అంతసేపటి మోత ఆగేసరికి చెవులు గింగురుమన్నాయి. తలుపు గడియ తీసిన చప్పుడు. పిన్ని వరండాలోకి వచ్చింది. జాకెట్టు చేతికి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. చేతిలో అరచేతి వెడల్పు రేకు ముక్క ఉంది. చిట్టి దాన్ని గుర్తుపట్టింది. బాబాయి లారీ ఛాసిస్ నంబరు కొట్టిన రేకు. తుక్కు అమ్మేసేటప్పుడు ఊడదీసి ఇమ్మని అడిగి తీసుకుంది. మిషను సొరుగులో, బాబిన్ల మధ్య ఉంటుంది ఎప్పుడూ.

మామయ్య లేచి నిలబడ్డాడు. పిన్ని ఆయన వంక చూడలేదు. అన్న రాసిన కాగితం వంకా చూడలేదు.

“అది కాదు,” అంది. “ఫ్యాక్టరీ వాళ్ళు పంపింది ఇవ్వు.”

చిట్టి కదల్లేదు. పిన్నే ఆమె చంకలోంచి కాగితం తీసుకుని, మడతలు విప్పి, రేకును కింది సగంలోని ఛాసిస్ నంబరు పక్కన ఆనించింది. ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి కలుపుకుంటూ పోయింది. తొందరపడలేదు. ముందే తెలిసిన దాన్ని మళ్ళీ చూసుకుంటున్న మనిషికి తొందరేముంటుంది.

“మొన్న పోస్టు తీసుకుంది నేనే,” అంది. “మీ అన్న కవరు చించి బల్ల మీద పడేసి పోతే చూశాను. రెండు రోజుల్నించీ ఎదురుచూస్తున్నాను, ఎవరైనా కింది సగం గురించి మాట్లాడతారేమోనని. ఇంకో లారీ బాక్సు మన లారీలో ఉందని మీ అన్న ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు. ఆ ఇంకో లారీ ఏదో ఒక్కరూ అడగరేం?”

అన్న మొహంలో రంగు మారింది. ఆమె చేతిలోని కాగితం మీదికి వంగాడు. ఎన్నడూ విప్పని మడతల అవతల ఏముందో మొదటిసారి చూశాడు. చూసి, అర్థం చేసుకోవడం ఇష్టంలేని మనిషిలా మళ్ళీ చూశాడు.

“బండి కింద చూసొచ్చావుగా,” అంది పిన్ని చిట్టితో. “చెయ్యి తెరువు.”

చిన్నప్పుడు దొంగతనంగా తిన్న బెల్లం గుప్పిట్లో దాచుకుంటే సరిగ్గా ఈ గొంతుతోనే అనేది. చిట్టి చెయ్యి తెరిచింది.

“ఆరు, ఒకటి, ఎనిమిది,” అని చదివింది పిన్ని. తర్వాత ఆగింది. చెమటకూ కిరసనాయిలుకూ సిరా కరిగి, చివరి రెండంకెలూ నీలపు మరకైపోయాయి. పైన ఉన్న నంబరూ, కింద ఉన్న నంబరూ అక్కడిదాకా ఒక్కటే. తేడా అంతా ఆ రెంటిలోనే ఉంది.

“తర్వాతవి?”

చిట్టి మరక వంక చూసుకుంది. ముప్పై తొమ్మిది అంటే సరిపోతుంది. ఇరవై ఆరంటే సరిపోతుంది. నోటికొచ్చిన ఏ రెండంకెలు అన్నా ఆ బాక్సు ఊరూ పేరూ లేని ఏ మూడో లారీదో అయిపోతుంది. మామయ్య సంతకం పెడతాడు. పిన్ని మిషను దగ్గరికి వెళ్ళిపోతుంది. రేపు ఉదయం బండి వెళ్ళిపోతుంది, ఆ బాక్సుతో సహా, మళ్ళీ ఎవరూ విప్పని చోటికి. మామయ్య కళ్ళు ఆమెను అదే అడుగుతున్నాయి.

ఆమె పెదవులు తడుపుకుంది.

“నేనే చూసొస్తాను,” అని అన్న కిటికీ మీది టార్చి అందుకున్నాడు. వరండా మెట్టు దిగాడు.

“నాలుగు, ఏడు,” అన్నాడు నాన్న.

అన్న మెట్టు కిందే ఆగిపోయాడు.

నాన్న ఎవరి వంకా చూడలేదు. ఆయన కళ్ళజోడు లోపల గూట్లో ఉంది. ఆ కాగితాన్ని ఆయన ఇంతవరకు ముట్టుకోలేదు. ఐదంకెల నంబరును మళ్ళీ మొదట్నించి, ఒక్కొక్క అంకే విడివిడిగా, రోజూ చెప్పుకునే మాటలా చెప్పాడు. “ఆరు, ఒకటి, ఎనిమిది, నాలుగు, ఏడు.”

మామయ్య చేతిలోంచి కలం జారి మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

చిట్టి పిన్ని వైపు చెయ్యి చాపింది. పిన్ని ఆ చేతిని పక్కకు జరిపింది, గట్టిగా కాదు. రేకును కొంగుకొనలో ముడివేసుకుంది. తర్వాత ఇందాకట్నుంచి అందరూ చూడకుండా తప్పించుకుంటున్న ఖాళీ కుర్చీని ఒక చేత్తో ఈడ్చుకొచ్చి, నాన్నకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసింది. పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టింది మొదలు బావగారి ముందు ఆమె కూర్చోవడం చిట్టి ఎప్పుడూ చూడలేదు.

పిన్ని కూర్చుంది.

“చెప్పండి బావగారూ,” అంది.